కృష్ణానగర్ గదుల్లో నలభీములు!

తెలుగు సినిమాకి తినడం తెలుసు. వండడం తెలీదు!

ఈ మాటకి కోపం తెచ్చుకోకండి. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఘటోత్కచుడి వేషంలో ఎస్.వి. రంగారావు పెళ్లి విందు మీద పడి ఆరగిస్తుంటే, లడ్లు వాటంతట అవే వచ్చి నోట్లో పడుతుంటే, మార్కస్ బార్‌ట్లే కెమెరా చేసిన ఆ గారడీకి హాలు హాలంతా ఈలలేసింది. ఇప్పటికీ టీవీలో ఆ పాట వస్తే ఛానల్ మార్చే మొనగాడు లేడు. ఆఖరికి గోంగూరకి కూడా ఆ చిత్రంలో ఒక డైలాగు దక్కింది. కానీ అన్ని గంగాళాల వంట చేసిన వంటవాడెవరో ఎవరికైనా పట్టిందా? పట్టలేదు.

పోనీ 'నర్తనశాల' తీసుకుందాం. 1963 నాటి చిత్రం. విరాటరాజు కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటవాడుగా చేరతాడు. వెయిట్ లిఫ్టర్ దండమూడి రాజగోపాల్ ఆ భీముడి వేషం వేశారు. ఆయన్ని తలచుకోగానే మనకి కీచక వధ గుర్తొస్తుంది గానీ గరిటె గుర్తు రాదు. వంట బాగుంటే 'నలభీమపాకం' అని మెచ్చుకునే జాతి మనది. నలుడూ మగవాడే, భీముడూ మగవాడే. అయినా మన తెర మీద హీరో వంటింట్లోకి అడుగు పెట్టాడంటే ఆ సీను కామెడీ అన్నమాటే. పిండి మొహాన పడాలి, కుక్కరు పేలాలి, హీరోయిన్ నవ్వాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? వస్తున్నా.

పత్రికల పని మీద కృష్ణానగర్ వీధుల్లో నేను తిరగని గల్లీ లేదు. యూసుఫ్‌గూడ పక్కన వుండే ఈ పేట సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒకప్పుడు మద్రాసు కోడంబాకం ఎలాగో, ఇప్పుడు హైదరాబాదులో కృష్ణానగర్ అలాగ. శ్రీకాకుళం నించి ఒకడు, కరీంనగర్ నించి ఒకడు, కడప నించి ఒకడు... ముగ్గురూ కలిసి ఒకే గది. గోడకి అభిమాన హీరో. మూల చుట్టేసిన చాపలు. అర పేజీ రాసి ఆపేసిన స్క్రిప్టు. ఇన్నీ వుంటాయి గానీ చాలా గదుల్లో స్టవ్వు వుండదు.

మరి తిండి? షూటింగున్న రోజు చింత లేదు. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం, మధ్యలో టీ, అన్నీ ప్రొడక్షన్ వాళ్లే చూసుకుంటారు. లేని రోజే ఇబ్బంది. జేబు ఖాళీగా వుండే రోజూ అదే, కడుపు ఖాళీగా వుండే రోజూ అదే! నెలకి పది రోజులు పని దొరికితే గొప్ప అనుకునే కుర్రాడికి మిగతా ఇరవై రోజులు కర్రీ పాయింటు, నూడుల్సు, చాయ్, మళ్లీ చాయ్. 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్లంట!'లో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్నే చూస్తూ అన్నం తింటుంటే పడీపడీ నవ్వాం. నిజం చెప్తున్నా, ఆ సీను నేను కృష్ణానగర్‌లో కళ్లారా చూశాను. కోడి బదులు ఫోను. అందులో ఎవరో బిర్యానీ దమ్ముకి పెడుతున్నారు. దాన్ని చూస్తూ మన వాళ్లు ఉత్త బ్రెడ్డు నములుతున్నారు.

పదేళ్లుగా ఇక్కడే వున్న ఒక కో-డైరెక్టరు నాతో అన్న మాట మర్చిపోలేను. "అన్నా, నాతోపాటు వచ్చిన వాళ్లలో టాలెంటు లేక వెళ్లిపోయిన వాళ్లు తక్కువ. కడుపులో మంట పట్టుకుని వెళ్లిపోయిన వాళ్లే ఎక్కువ. డాక్టరు టైముకి తినమంటాడు. టైము బోలెడుంది, తిండేదీ?" ఆయన నిలబడ్డాడంటే అందుకొక కారణం, రెండో ఏడు ఒక చిన్న స్టవ్వు కొనుక్కోవడమే. ఆయన మాటల్లోనే చెప్పాలంటే, "నా మొదటి హిట్టు పప్పు!"

ఆడపిల్లల సంగతి వేరనుకుంటున్నారేమో. అక్కడే పప్పులో కాలేస్తాం. డాన్సు గ్రూపులో పని చేసే ఒకమ్మాయి నన్ను నిలదీసింది. "ఏంటి సార్, ఆడపిల్ల అనగానే వంట వచ్చేస్తుందా? మా అమ్మ నన్ను వంటింట్లోకి రానిస్తేగా! చదువుకో, చదువుకో అంది. ఇక్కడికొచ్చాక ముగ్గురం కలిసి మొదటిసారి అన్నం వండితే అది జావయింది. ఉప్పేసుకుని తాగేశాం." నవ్వుతూనే చెప్పింది గానీ, అందులో న్యాయముంది. నేర్పకుండా వచ్చే విద్య కాదిది, ఆడైనా మగైనా.

అందుకే ఈ వారం ఏ తార ఇంటర్వ్యూ లేకుండా మీ ముందుకొచ్చాను. మొదటిసారి పొయ్యి వెలిగించబోయే వాళ్ల కోసం, కృష్ణానగర్ గదుల్లో నిలదొక్కుకున్న నలభీముల దగ్గర నేను ఏరుకొచ్చిన కబుర్లివి.

ముందు పొయ్యి సంగతి

అద్దె గదిలో వుండేవాడికి పెద్ద గ్యాసు కనెక్షను దొరకాలంటే చిరునామా రుజువు కావాలి. ఇంటి ఓనరేమో కాగితం ఇవ్వడు! దీనికి విరుగుడు 5 కిలోల చిన్న సిలిండరు. 2013 నించి ఇది గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, చిరునామా రుజువు అడక్కుండా ఇస్తున్నారు. కరెంటు ఇండక్షన్ స్టవ్వు కొనుక్కుంటే మాత్రం ఒక్క మాట: గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే పనికొస్తుంది. అమ్మ ఇచ్చి పంపిన అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కదు. "స్టవ్వు పాడైంది" అని షాపువాడితో తగువు పెట్టుకోకండి.

తర్వాత కావలసింది మూడు లీటర్ల కుక్కరు, ఒక మూకుడు, ఒక గరిటె, ఒక కత్తి, చిన్న పోపుల డబ్బా. అంతే. కుక్కరంటే భయపడే వాళ్లు చాలామంది వున్నారు. సినిమాల పుణ్యమే! నిజానికి కుక్కరు వూరికే పేలదు. మూత పెట్టే ముందు వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుగు కనబడుతోందా లేదా చూసుకోండి. మెతుకు అడ్డం పడితే తీసేయండి. బియ్యమైతే కుక్కరులో సగం దాటకూడదు, వుడికేటప్పుడు ఉబ్బుతుంది. పప్పయినా సగం దాటకూడదు, ఎందుకంటే పప్పు నురగ కట్టి పైకి పొంగుతుంది. ఆవిరి పూర్తిగా పోకుండా మూత లాగారో, ఇక మీరు వేరే సినిమాలో వున్నట్టే.

ఇక అన్నం. మనం తినే సన్నబియ్యంలో పేరు మోసింది సాంబ మసూరి. 1986లో బాపట్ల నించి విడుదలైన బీపీటీ 5204 అనే రకమది. ఒక గ్లాసు బియ్యానికి కుక్కర్లో రెండు గ్లాసుల నీళ్లు. పాత బియ్యం అయితే ఇంకో పావు గ్లాసు ఎక్కువ తాగుతుంది. కొత్త బియ్యమైతే పావు తగ్గించాలి. డాన్సు గ్రూపు అమ్మాయిల అన్నం జావ అయిందంటే దోషం వాళ్లది కాదు, కొత్త బియ్యానిది. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు నీళ్లు కొంచెం తగ్గించి చూడడం అనుభవజ్ఞుల పద్ధతి.

హీరో ఎంట్రీ

పప్పు దగ్గరికొద్దాం. కొత్తగా వచ్చిన వాళ్లందరి ఫిర్యాదూ ఒకటే. "ఎన్ని విజిళ్లొచ్చినా పప్పు వుడకట్లేదు బ్రదర్!" దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి, చింతపండో టమాటోనో పప్పుతో పాటే కుక్కర్లో పడేస్తారు. పులుపు తగిలితే పప్పు గింజ బిగుసుకుపోతుంది. ముందు కందిపప్పు, పసుపు, చుక్క నూనె... అంతవరకే. గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్లు, అరగంట నానబెడితే మరీ మంచిది. మెత్తగా వుడికాకే పులుపు, ఉప్పు. రెండో కారణం మన నగరం బోరు నీళ్లు. సున్నం ఎక్కువున్న నీళ్లలో పప్పు మొండికేస్తుంది. తాగే నీళ్ల క్యాను వుంటుందిగా, పప్పుకి ఆ నీళ్లు పోయండి. ఈ చిన్న కిటుకు తెలీక పప్పు మానేసిన వాళ్లని నేనెరుగుదును.

పప్పు వుడికింది. ఇంకా అది పప్పు కాదు! మేకప్ లేని హీరోయిన్‌లా... వద్దులెండి, ఆ పోలిక పాతబడింది. పోపు పడ్డాకే పప్పుకి పేరొస్తుంది. ఒకరు పోపంటారు, ఒకరు తాలింపంటారు, ఇంకొకరు తిరగమాత అంటారు. ఆ కో-డైరెక్టరు గదిలో ముగ్గురివి మూడు మాటలు. మూకుడు ఒకటే. మన వంట అంతటికీ తాళంచెవి ఇదే అని నా గట్టి నమ్మకం. పోపు చేతికొచ్చిన వాడికి పప్పు, చారు, కూర, పులిహోర, ఉప్మా అన్నీ వచ్చినట్టే. చేతికి రానివాడు వంద వీడియోలు చూసినా ఒకటే.

అసలు పోపెందుకు? దినుసుల వాసనంతా నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె ఆ ఘుమఘుమని పట్టుకుని గిన్నె మొత్తానికి పంచుతుంది. అందుకే నూనె సరిగ్గా కాగాలి. ఒక్క ఆవగింజ వేసి చూడండి. వూరుకుంటే ఆగండి, వెంటనే చిటపటమంటే మిగతావి వేయండి. ముందు ఆవాలే ఎందుకంటే, వాటికి వేడి కావాలి. చిట్లని ఆవాలు నోట్లో చేదు. అవి మొదలెట్టగానే శనగపప్పు, మినప్పప్పు. అవి కాస్త రంగు తిరుగుతుండగా చితక్కొట్టిన వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర. జీలకర్ర ముందు పడితే పప్పులు వేగేలోగా మాడి వూరుకుంటుంది. చివర్న చిటికెడు ఇంగువ, కరివేపాకు. కరివేపాకు తడిగా వుంటే నూనె మొహం మీదికి చిందుతుంది, తుడిచి వేయండి. ఇదంతా చదవడానికి పట్టినంత సేపు కూడా పట్టదు. అందుకని అన్నీ పక్కన పెట్టుకున్నాకే స్టవ్వు వెలిగించాలి. షూటింగులో లైటింగు రెడీ కాకుండా హీరోని పిలవరుగా!

మాడిందా? నిర్దాక్షిణ్యంగా పారబోయండి. రెండు చెంచాల నూనె పోతే పోయింది, పప్పు మిగులుతుంది. మాడిన పోపు పప్పులో కలిపితే రెండూ పోతాయి.

ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేయమని గదికొకడు చెప్తాడు. నమ్మకండి. దుంప ఆ ఉప్పు నీళ్లనే కాస్త పీలుస్తుంది. మిగిలింది మాత్రం ఉప్పగానే వుంటుంది. వుడికిన పప్పో వేణ్ణీళ్లో ఇంకాస్త కలపండి, నిమ్మకాయ పిండండి. అసలు చివర్న కొంచెం కొంచెంగా వేసి రుచి చూసే అలవాటుంటే ఈ గొడవే రాదు.

పొయ్యి మీద వంటే పెట్టే ఓపిక లేని రోజు? కరీంనగర్ తమ్ముడు నేర్పిన విద్య చెప్తాను, మీకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తెలంగాణ పచ్చిపులుసు! నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, రెండు గ్లాసుల నీళ్లు కలిపి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లమో చక్కెరో, కొత్తిమీర. చేత్తో నలపాలి, అదే అసలు సంగతి. పైన ఒక్క నిమిషం పోపు. కాచేది లేదు, మరిగించేది లేదు. వేడన్నంలోకి, ముద్దపప్పు పక్కన... శ్రీకాకుళం కుర్రాడు మొదటి రోజు "ఇదేం చారురా, కాచలేదేంటి?" అని వెక్కిరించాడట. ఇప్పుడు వాడే వారానికి మూడుసార్లు అడుగుతున్నాడు. ప్రాంతాల పేరుతో బయట ఎన్ని తగవులున్నా, ఒకే గిన్నెలోంచి తినే గదుల్లో అవి నాకు తగల్లేదు.

కూరల దగ్గర రెండే రెండు మాటలు. వంకాయ తరగ్గానే ఉప్పు నీళ్లలో వేయండి, లేకపోతే గాలి తగిలి నల్లబడుతుంది. బెండకాయ దీనికి తిరగేసిన కేసు. ముందే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అప్పుడు తరగాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్న వేయాలి. నీళ్లు తగిలితే జిగురు. బెండకాయ జిగురుకి భయపడి దాన్ని హోటల్లో మాత్రమే తినే వాళ్లందరూ ఈ పేరా చించి గోడకి అంటించుకోవచ్చు.

ఖర్చు లెక్క నేను అంకెల్లో చెప్పను. ధరలు ఈ వారం వున్నట్టు వచ్చే వారం వుండవు. కానీ ఆ కో-డైరెక్టరు పద్ధతి బాగుంది. షూటింగు డబ్బు చేతిలో పడ్డ రోజే బియ్యం, కందిపప్పు, నూనె, చింతపండు, పోపు దినుసులు నెలకి సరిపడా కొని పడేస్తాడు. మిగిలిన డబ్బు ఏమైనా కానీ! పని లేని ఇరవై రోజులూ కూరగాయలకే చిల్లర కావాలి. "డబ్బాలో కందిపప్పుంటే కథ చెప్పడానికి వెళ్లినప్పుడు గొంతు వణకదు బ్రదర్" అన్నాడు. ఆకలి మీద వున్నవాడు ఏ వేషమిచ్చినా, ఎంతిచ్చినా ఒప్పేసుకుంటాడు. కడుపు నిండినవాడు కాస్త ఆలోచించి ఒప్పుకుంటాడు. ఆ తేడా ఎంతో ఈ వీధుల్లో తిరిగిన వాళ్లకే తెలుసు.

అన్నట్టు, తెర మీద కూడా గాలి కొంచెం మారింది. 2012లో తనికెళ్ల భరణి 'మిథునం' తీస్తే, తెర మీద కనిపించేది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి ఇద్దరే. అయినా ఆ చిత్రం నిండా పెరటి కూరగాయల వాసనే. 2014లో ప్రకాష్‌రాజ్ 'ఉలవచారు బిర్యానీ' అంటూ ఏకంగా తిండినే ప్రేమకథకి ముడిపెట్టారు. ఇక 2020 లాక్‌డౌన్ మీకు గుర్తుండే వుంటుంది. షూటింగులన్నీ బందు. మగాళ్లు ఇంటిపని చేసి వీడియో పెట్టాలని సందీప్ రెడ్డి వంగా సవాలు మొదలెడితే, అది రాజమౌళి మీదుగా జూనియర్ ఎన్టీఆర్‌కీ, అక్కణ్ణించి చిరంజీవికీ చేరింది. మెగాస్టార్ ఇల్లు శుభ్రం చేసి, పెసరట్టు వేసి తల్లికి పెట్టారు. ఏ డైరెక్టరూ కట్ చెప్పలేదు, పిండి మొహాన పడలేదు. ఆ వీడియో చూశాకే మూకుడు కొన్నానని ఒక జూనియర్ ఆర్టిస్టు నాతో చెప్పాడు.

ఆయన పెసరట్టే ఎంచుకోవడంలో తెలివుంది సుమండీ! దోసెపిండిలా ఇది పులవనక్కర్లేదు. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం నానబోయండి. పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి రుబ్బడమే. మిక్సీ లేకపోతే ఎదురు గది వాళ్లనడగండి, ఒక అట్టు లంచమిస్తే ఇస్తారు. పెనం మరీ కాగిపోతే పిండి గరిటెకే అంటుకొస్తుంది. నీళ్లు చిలకరించి, అవి ఆరాక, మంట తగ్గించి పరవండి. పైన ఉల్లిపాయ ముక్కలు, అంచుల వెంట నూనె. మొదటి అట్టు ఎవరికీ గుండ్రంగా రాదు. అది వేసినవాడు తినేసి, రెండోది గదిలో వాళ్లకి పెట్టాలని కృష్ణానగర్ రూలు.